రెండు దెబ్బల తేడా: చెరువు మట్టి బలం ఎట్లా కొలవాలి?

(నల్లగొండలో సైట్ ఇంజినీర్లు, బోరింగ్ పనివాళ్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా లెక్కలోకే పోదాం.

చెరువు శిఖం, అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల, మీదుగా ఒక రోడ్డు కట్ట పొయ్యాలి. రెండు బోర్లు వేశారు. మూడు మీటర్ల లోతున ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్టు, గొట్టాన్ని హ్యామర్‌తో మట్టిలోకి కొట్టి దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష) చేస్తే ఎన్ విలువ, అంటే దెబ్బల లెక్క, ఒక బోరులో 2, ఇంకో బోరులో 4 వచ్చింది. రిపోర్టులో రెండింటికీ 'మెత్తని నల్లమట్టి' అని ఒకటే మాట. ఇప్పుడు మనవాళ్లు అందరూ వాడే పాత సూత్రం పెట్టండి. ఎన్‌ని 6.25తో గుణిస్తే సియు, అంటే నీళ్లు బయటికి పోయే వ్యవధి లేనప్పుడు మట్టికి ఉండే షియర్ స్ట్రెంత్ (జారిపోకుండా ఆపే బలం), కిలోపాస్కల్‌లలో వస్తుంది. మొదటి బోరుకు 12.5, రెండో బోరుకు 25. మెత్తని మట్టి తన సియుకు 5.14 రెట్ల ఒత్తిడి దాకా ఓర్చుకుంటుంది. కట్ట మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు, సేఫ్టీ ఫ్యాక్టర్ 1.5 అనుకుందాం. మొదటి బోరు ప్రకారం కట్ట ఎత్తు 2.4 మీటర్లు దాటొద్దు. రెండో దాని ప్రకారం 4.8 మీటర్ల దాకా పోవచ్చు.

రెండు దెబ్బల తేడా. దాని మీద 2.4 మీటర్ల కట్ట నిలబడి ఉంది. ఆ రెండు దెబ్బలను నమ్మొచ్చా అన్నదే ఇవాళ్టి మాట.

ముందు ఎస్‌పీటీ ఏం కొలుస్తుందో చూద్దాం. ఐ.ఎస్. (ఇండియన్ స్టాండర్డ్) 2131, 1981 నాటి కోడ్. 63.5 కిలోల హ్యామర్‌ని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలాలి. కింద బయటి వ్యాసం 50.8 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు ఉన్న స్ప్లిట్ స్పూన్, అంటే నిలువునా రెండుగా విప్పే గొట్టం, ఉంటుంది. 45 సెంటీమీటర్లు దించాలి, ప్రతి 15కి దెబ్బలు విడిగా రాయాలి. మొదటి 15ని సీటింగ్ కింద వదిలేసి మిగతా రెండూ కలిపితే ఎన్. ఇంతవరకు మీ అందరికీ తెలిసిందే.

ఒక్క దెబ్బలో ఎంత శక్తి ఉంది? 467 జౌళ్లు. మోకు, కప్పీతో లాగే మన పద్ధతిలో అందులో అరవై శాతం రాడ్డులోకి దిగితే బాగా దిగినట్టే. 280 జౌళ్లు అనుకోండి. ఇప్పుడు 12 కిలోపాస్కల్‌ల మట్టిలోకి స్పూన్ 45 సెంటీమీటర్లు దిగడానికి ఎంత బలం కావాలి? స్పూన్ గోడ మందం కింద మట్టి ఎదురు తన్నేది 115 న్యూటన్లు. బయటా లోపలా మట్టి పట్టుకునే రాపిడి, చెదిరిన మట్టికి సగం బలమే ఉంటుందనుకుంటే, ఇంకో 730. మొత్తం సుమారు 850 న్యూటన్లు. అంటే ఒక్క దెబ్బకే స్పూన్ దాదాపు అడుగు దిగుతుంది. అడుగు అంటే 30 సెంటీమీటర్లు. మనం లెక్కపెట్టాల్సిన దూరం మొత్తం ఒక్క దెబ్బలో అయిపోయింది! ఇది కట్టెల కాంటా మీద బంగారం తూచినట్టు. కాంటా తప్పేం లేదు, తూచే వస్తువే దానికి తగ్గది కాదు.

ఇంకో సంగతి. నాలుగు మీటర్ల లోతులో టెస్టు అంటే పైన ఉండే ముక్కతో కలిపి ఐదు మీటర్ల 'ఏ' సైజు రాడ్లు, మీటరుకు ఐదున్నర కిలోలు. స్పూన్ ఏడు కిలోలు, మీద ఆనించిన హ్యామర్ 63.5. మొత్తం వంద కిలోలకు దగ్గర పడింది. ఇందాక లెక్క వేసిన 850 న్యూటన్లు అంటే 87 కిలోలే. దెబ్బ కొట్టకముందే, హ్యామర్ ఆనించగానే స్పూన్ మెల్లగా జారిపోతుంది. ఇది జరిగినప్పుడు మన బోర్ లాగుల్లో, అంటే బోరు రికార్డుల్లో, ఏం రాస్తారు? చాలాసార్లు 'ఎన్ = 1' అనో, 'ఎన్ = 2' అనో రాస్తారు. సున్నా రాస్తే ఆఫీసులో ఎవరో అడుగుతారని భయం. అట్లా రాయొద్దు. రాడ్ల బరువుకే దిగిందా, రాడ్లు, హ్యామర్ రెండింటి బరువుకూ దిగిందా, ఎన్ని సెంటీమీటర్లు దిగింది, అది రాయండి. డిజైన్ చేసేవాళ్లకు ఆ ఒక్క వాక్యం కల్పించిన 2 కన్నా ఎన్నో రెట్లు పనికొస్తుంది.

మెత్తని మట్టి మొత్తం సున్నా నుంచి నాలుగు లోపలే ఉంటుంది. రెండు లోపు మరీ మెత్తన, రెండు నుంచి నాలుగు మెత్తన. అంటే 25 కిలోపాస్కల్ లోపు ఉన్న ప్రపంచమంతటికీ మన చేతిలో ఉన్నవి ఐదు అంకెలు. ఇక ఆ 6.25 సంగతి. ప్లాస్టిసిటీని (తడిసిన మట్టి ఎంత బంకగా ఉంటుందన్న గుణాన్ని) బట్టి ఈ గుణకం నాలుగు నుంచి ఆరు దాకా అని స్ట్రౌడ్ అనే పరిశోధకుడు 1974లో చెప్పినవి గట్టి బంకమట్టి మీద చేసిన పరీక్షల నుంచి వచ్చాయి. వాటిని చెరువు అడుసుకు అంటగట్టడం మనం చేస్తున్న పని, ఆయన చెప్పింది కాదు.

బోరింగ్ చేసే అన్నలు ఇక్కడ ఉన్నారు కాబట్టి అంకె ఎక్కడెక్కడ చెడుతుందో కొంచెం ఆగి చెప్తాను. క్యాట్‌హెడ్ (మోకును లాగే తిరిగే డ్రమ్ము) మీద మోకు రెండు చుట్లే ఉండాలి. మూడో చుట్టు వేస్తే హ్యామర్ స్వేచ్ఛగా పడదు, రాపిడి శక్తిని తినేస్తుంది, దెబ్బలు ఎక్కువ పడతాయి, మట్టి ఉన్నదానికన్నా గట్టిగా కనబడుతుంది. మోకు తడిసి ఉబ్బినా అంతే. సాయంత్రం అయ్యేసరికి 75 సెంటీమీటర్ల ఎత్తు కాస్తా 60కి వస్తుంది, లాగే చేతులు అలసిపోతాయి కదా. గైడ్ రాడ్డు మీద సుద్దతో కాదు, పెయింటుతో గీత గీయండి. ఇవన్నీ ఎన్‌ని పెంచేవి.

తగ్గించేవీ ఉన్నాయి. నీళ్లు చిమ్ముతూ తవ్వే వాష్ బోరింగ్‌లో నీళ్లు నేరుగా కిందికి చిమ్మే బిట్ వాడితే అడుగు మట్టి బలం చెడిపోతుంది. పక్కలకు చిమ్మే బిట్ పెట్టండి. బెయిలర్‌ని (బోరు తోడే గొట్టాన్ని) ఒక్క గుంజుడుతో లాగితే కింద ఖాళీ ఏర్పడి మట్టి పైకి పీల్చుకుని వస్తుంది. బోరులో నీళ్లు బయటి నీటిమట్టం కన్నా తక్కువ ఉంటే మెత్తని మట్టి కేసింగ్ లోపలికి ఉబికి వస్తుంది. రాత్రి వదిలిపెట్టి పొద్దున వచ్చి అదే లోతున టెస్టు చేస్తే మీరు కొలిచేది ఉబికిన అడుసునే. స్పూన్ దించేముందు లోతు మళ్లీ కొలవండి. శుభ్రం చేసిన లోతుకీ స్పూన్ ఆగిన లోతుకీ పది సెంటీమీటర్లు తేడా ఉంటే టెస్టు చేయకుండా మళ్లీ తోడండి.

తర్వాత సున్నపు గడ్డలు. మన రేగడిలో ఇవి ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. స్పూన్ మూతికి ఒక గడ్డ అడ్డం పడితే ఎన్ 3 ఉండాల్సిన చోట 9 వస్తుంది. స్పూన్ విప్పి చూడకుండా అంకె రాయొద్దు. మూతిలో గడ్డ ఇరుక్కుని, లోపల మట్టి నాలుగు వేళ్ల మందమే ఉంటే ఆ అంకె గడ్డది, మట్టిది కాదు.

ఆఫీసులో చెడేది ఇంకొకటి ఉంది. ఎక్సెల్ షీటులో ఓవర్‌బర్డెన్ కరెక్షన్, అంటే పై మట్టి బరువును బట్టి ఎన్‌ని సవరించడం, అని ఒక కాలమ్ ఉంటుంది. అది ఇసుకకు సంబంధించింది. నీళ్ల కింద ఉన్న సన్న ఇసుకకు, 15 దాటిన ఎన్‌కి చేసే రెండో కరెక్షనూ అంతే. బంకమట్టికి ఈ రెండూ లేవు. లోతు తక్కువ ఉన్నచోట ఓవర్‌బర్డెన్ కరెక్షన్ గుణకం ఒకటి కన్నా పెద్దది కాబట్టి 2 కాస్తా 3 అవుతుంది, కంప్యూటర్ చేసింది కదా అని ఎవరూ అడగరు.

మన దగ్గర మెత్తని మట్టి ఎక్కడ ఉంటుందో కూడా చూడాలి. విశాఖ, కాకినాడ తీరంలో ఉన్నట్టు పెద్ద మందాన సముద్రపు బంకమట్టి మనకు లేదు. నల్లగొండ, పాలమూరు అంతా గ్రానైట్, నీస్ రాళ్ల నేల. చల్కల కింద కొంచెం తవ్వితే మొరం వస్తుంది. మెత్తని మట్టి ఉండేది చెరువు శిఖాల్లో, వాగుల పక్కన, సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలూ నీళ్లు నిలిచే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రేగడి పొలాల్లో. మందం కొన్ని మీటర్లే. అందుకే 'కింద మొరం ఉంది గదా' అన్న ధీమా. కట్ట జారేది ఆ కొన్ని మీటర్లలోనే.

ఇక్కడి చెరువు మట్టికి ఒక స్వభావం ఉంది. ప్రతి ఎండాకాలం ఎండి, నెర్రెలిచ్చి, మళ్లీ వానకు తడుస్తుంది. ఎండినప్పుడు పడే చూషణ (మట్టి సందుల్లో నీటి లాగుడు) వల్ల మట్టి లోలోపల బిగుసుకుంటుంది. కాబట్టి ఎప్పుడూ ఎండని తీరపు మట్టి కన్నా ఇది కొంచెం బలంగానే ఉంటుంది. అయితే పై ఒకటి రెండు మీటర్లు మే నెలలో గట్టి పెంకు, అక్టోబరులో అడుసు. మే నెలలో ఎన్ 12 వచ్చిన లోతునే వానాకాలం వెళ్లాక 3 రావడంలో వింత లేదు. టెండర్ తొందరలో ఎండాకాలం బోర్లు వేసి, పై పెంకు బలాన్ని డిజైన్‌లో కలిపేస్తే ఆ రిపోర్టు జూన్ దాకే చెల్లుతుంది. లాగ్ మీద తేదీ, నీటిమట్టం, చెరువులో నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో రాయాలి.

ఇంకోటి: మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక చాలా చెరువుల్లో పూడిక తీశారు. శిఖంలో అడుగు ఒక్క మట్టాన లేదు. ఒకచోట మీటరు తీశారు, పక్కన వదిలేశారు, తీసిన గుంతలో మళ్లీ కొత్త ఒండ్రు చేరింది. ఆ కొత్త ఒండ్రు ఇంకా ఎక్కువ ఎండలేదు, అందుకే అన్నిటికన్నా బలహీనం. అంతకు ముందటి బోర్ లాగులు ఫైల్లో ఉన్నాయని వాటినే వాడితే కుదరదు.

సరే, మరి దేంతో కొలవాలి?

చరిత్రలో ఒక విషయం గమనించండి. దెబ్బ కొట్టే పద్ధతి 1902 ప్రాంతంలో అమెరికాలో గో అనే కాంట్రాక్టర్ మట్టి నమూనా తీయడానికి మొదలుపెట్టింది. మెత్తని నేలల మీద బతికినవాళ్లు వేరే దారి పట్టారు. స్వీడన్ రైల్వే వాళ్లు కట్టలు జారి దెబ్బతిన్నాక, 1914 నుంచి 1922 దాకా పనిచేసిన కమిషన్‌లో మట్టి ముద్ద మీద శంకువును వదిలి ఎంత గుచ్చుకుందో చూసే పరీక్ష తయారుచేశారు. 1930ల మొదట్లో డచ్ వాళ్లు శంకువును నేలలోకి నిదానంగా నొక్కడం మొదలుపెట్టారు. వాళ్లకు సుత్తితో పనిలేకపోయింది.

ఆ డచ్ పద్ధతే స్టాటిక్ కోన్, మన కోడ్ ఐ.ఎస్. 4968 మూడో భాగం. 60 డిగ్రీల మొన, 10 చదరపు సెంటీమీటర్ల అడుగు. ఎలక్ట్రిక్ కోన్‌ని సెకనుకు రెండు సెంటీమీటర్ల చొప్పున నొక్కుతారు. వచ్చిన మొన నిరోధం నుంచి పై మట్టి బరువు ఒత్తిడి తీసేసి, 15కి అటూ ఇటూ ఉండే ఒక గుణకంతో భాగిస్తే సియు. ఆ గుణకం 10 నుంచి 20 దాకా మారుతుంది కాబట్టి పుస్తకంలోంచి తీసుకోవద్దు. ఒకటి రెండు చోట్ల పక్కనే వేన్ టెస్టు (మట్టిలో రెక్కలు తిప్పి బలం కొలిచేది) చేసి మన మట్టికి మనమే కట్టుకోవాలి.

మెత్తని మట్టిలో కోన్‌కి వచ్చే చిక్కు అంకెలు చిన్నవి కావడం. మూడు మీటర్ల లోతున 15 కిలోపాస్కల్ మట్టి అంటే మొన మీద పడేది 28 కిలోల బరువంత. చేతితో నడిపే మెకానికల్ కోన్ వాడితే లోపలి చువ్వల బరువు కూడా మొన మీదే ఉంటుంది. 15 మిల్లీమీటర్ల గుండ్రటి చువ్వ మీటరుకు 1.4 కిలోలు, ఐదు మీటర్లకు ఏడు కిలోలు. గేజీ చూపించే అంకెకు దాన్ని కలపాలి. ఇసుకలో మర్చిపోయినా ఏం కాదు, ఇక్కడ మర్చిపోతే నాలుగో వంతు పోయినట్టే.

ఎలక్ట్రిక్ కోన్‌కి ఎండ శత్రువు. కోన్ సామర్థ్యం 50 మెగాపాస్కల్ అనుకోండి. దాని సున్నా వెయ్యో వంతు జరిగితే 50 కిలోపాస్కల్. సియులో మూడుకు పైగా తేడా వస్తుంది, 12 ఉన్న మట్టిలో అది పావు వంతు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు కోన్‌ని ట్రాక్టర్ ట్రాలీలో పెట్టి, తీసి, నేరుగా చల్లని మట్టిలోకి నొక్కితే సున్నా జరగక ఏమవుతుంది? బోరు నీళ్లు నింపిన బకెట్‌లో కోన్‌ని పావుగంట ముంచి ఉంచి, ఆ తర్వాత సున్నా రాసుకోండి. బయటికి తీశాక అదే బకెట్‌లో పెట్టి మళ్లీ రాసుకోండి. రెండు సున్నాలూ రిపోర్టులో లేకపోతే ఆ గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. నీటి ఒత్తిడి కొలిచే పీజోకోన్ అయితే ఫిల్టర్‌లో గాలి లేకుండా నూనె నింపాలి. ఎండిన పై పెంకులో నుంచి నొక్కితే ఆ నూనెను మట్టి పీల్చేస్తుంది. కాబట్టి ముందు ఆగర్‌తో (మట్టి తవ్వే బర్మాతో) పెంకు దాటేదాకా తవ్వి, నీళ్లు నింపి, అందులోంచి దించాలి.

డైనమిక్ కోన్ గురించి ఎక్కువ చెప్పను. 65 కిలోల హ్యామర్, 50 మిల్లీమీటర్ల కోన్, పది సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు. చౌక, వేగం. కానీ బంకమట్టి రాడ్లను పట్టుకుంటుంది, లోతుకు పోయేకొద్దీ మట్టి గట్టిపడుతున్నట్టు కనబడుతుంది, నిజానికి పెరిగేది రాడ్ల రాపిడి. మొరం ఏ లోతున తగులుతుందో వెతకడానికి శిఖమంతా గుచ్చుకుంటూ పోవడానికి దీనికి మించింది లేదు. బలం మాత్రం దీన్ని అడగొద్దు.

మెత్తని మట్టికి నా మొదటి ఓటు ఫీల్డ్ వేన్‌కే. గుచ్చి చూసేది కాకపోయినా, గుచ్చే పరీక్షలన్నిటికీ సాక్షి అదే. ఐ.ఎస్. 4434. నాలుగు రెక్కలు, ఎత్తు వెడల్పుకు రెట్టింపు. బోరు అడుగు నుంచి బోరు వ్యాసానికి ఐదు రెట్లు కిందికి నొక్కాలి, కొట్టొద్దు. నొక్కాక ఎక్కువసేపు ఆగకుండా సెకనుకు 0.1 డిగ్రీ చొప్పున తిప్పాలి. చేతి వేగానికి వదిలేస్తే అందరూ తొందరపడతారు, బలం ఎక్కువ వస్తుంది. 50 మిల్లీమీటర్ల వేన్‌కి 12 కిలోపాస్కల్ మట్టిలో టార్క్ 5.5 న్యూటన్ మీటర్లే, రాడ్ల రాపిడే దానికి సమానంగా ఉండొచ్చు. 75 వేన్ పెడితే 18.6 వస్తుంది. మట్టి మెత్తనైన కొద్దీ వేన్ పెద్దది కావాలి. అత్యధిక టార్క్ వచ్చాక వేగంగా పది చుట్లు తిప్పి మళ్లీ కొలిస్తే చెదిరిన మట్టి బలం తెలుస్తుంది.

వచ్చిన అంకెను అట్లాగే డిజైన్‌లో పెట్టొద్దు. నార్వే ఇంజినీర్ బ్యెరుమ్ 1972లో, పడిపోయిన కట్టలను వెనక్కి లెక్కగట్టి, ప్లాస్టిసిటీ ఎక్కువైన కొద్దీ వేన్ ఎక్కువ చెప్తుందని తేల్చాడు. ప్లాస్టిసిటీ ఇండెక్స్ 20 ఉంటే తగ్గించక్కర్లేదు. మన రేగడికి 40 ఉంటే 0.83తో గుణించాలి. వేన్ 15 చెప్తే డిజైన్‌కి 12.5 అన్నమాట.

ప్రశ్న ఒకటి వచ్చింది: 'సార్, మా దగ్గర ఎస్‌పీటీ రిగ్ ఒక్కటే ఉంది, వేన్ లేదు, కోన్ లేదు. ఏం చేయాలి?'

మంచి ప్రశ్న. మీ కాలేజీ ల్యాబులో లిక్విడ్ లిమిట్ (మట్టి ద్రవంలా మారే తేమ) చూసే కోన్ ఉంటుంది. 30 డిగ్రీల మొన, మొత్తం బరువు 80 గ్రాములు. అది 20 మిల్లీమీటర్లు గుచ్చుకున్న మట్టి బలం సుమారు 1.7 కిలోపాస్కల్. బలం గుచ్చుకున్న లోతు వర్గానికి విలోమంగా మారుతుంది. కాబట్టి కదలని నమూనా మీద అదే కోన్ 10 మిల్లీమీటర్లు దిగితే 6.8, ఏడు దిగితే 14, ఐదు దిగితే 27. ఎస్‌పీటీ చెప్పలేని తేడా ఈ చిన్న పరికరం చెప్తుంది. ఒక్కో నమూనా మీద నాలుగైదు చోట్ల వదలండి, అంచుకు దగ్గరగా వద్దు, గడ్డ తగిలిన అంకె తీసేయండి.

కానీ నమూనా స్ప్లిట్ స్పూన్‌లోది కాకూడదు. దాని గోడ అంత మందం, ఏరియా రేషియో (గోడ అడ్డుకోతకూ లోపలి ఖాళీకీ ఉన్న నిష్పత్తి) 111 శాతం, మట్టి లోపలికి వచ్చేసరికే చెదిరిపోయి ఉంటుంది. పలుచని గోడ ట్యూబ్ కావాలి, ఏరియా రేషియో పది శాతం లోపు. మెత్తని పొరలో ఒక మీటరు ఎస్‌పీటీ, ఒక మీటరు ట్యూబ్, ఇట్లా మార్చి మార్చి తీయండి. ట్యూబ్‌ని కొట్టకుండా ఒకే ఊపున నొక్కండి, నొక్కాక కొంచెం ఆగి, అడుగున తెగేటట్టు మెల్లగా తిప్పి, అప్పుడు లాగండి. రెండు చివరలా ఒక అంగుళం మైనం పొయ్యండి. పై చివర ఏదో తెలిసేటట్టు బాణం గుర్తు, బోరు నంబరు, లోతు ట్యూబ్ మీదే రాయండి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. నీడలో, నిలువుగా, రంపపు పొట్టులో పెట్టి తీసుకుపోయి ఆ సాయంత్రమే కోన్ కింద పెట్టండి.